బీడీలు చుట్టిన కొరియా మహారాణి

భూమేష్ అన్నది ఒక్క మాటే. అది అనకపోయినా ప్రపంచానికి వచ్చే నష్టం ఏమీ లేదు.

బహ్రెయిన్‌లోని బుదైయాలో ఒక విల్లా వెనకగోడ కూలిపోతే, కొత్తది కట్టడానికి కంపెనీ అతన్ని పంపింది. అతను మెట్‌పల్లి దగ్గరి తాపీమేస్త్రీ. సిత్రాలోని కూలీల క్యాంపు నుంచి పొద్దున్నే వ్యాన్‌లో వచ్చి సాయంత్రం వ్యాన్‌లో పోతాడు. నాలుగో రోజు మంచినీళ్ళ కోసం వంటింటి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. కిటికీలో ఫోను నిలబెట్టి ఉంది. ఫోనులో ఒక రాజు కోటగోడ మీద నిలబడి ఏడుస్తున్నాడు. ఫోనుకు ఇవతల ఒక అమ్మాయి కొత్తిమీర తుంచుతూ ఏడుస్తోంది.

"గా గోడ సిమెంటుది," అన్నాడు భూమేష్.

తెలుగు వినపడగానే అమ్మాయి సంతోషంగా తలెత్తింది. మాట అర్థమయ్యాక ఆ సంతోషం నిలవలేదు.

"ఏంటండీ?"

"గా రాజు ఏ కాలపోడు?"

"ఐదొందల డెబ్భై ఏళ్ళ కిందటి మహారాజండి."

"గప్పుడు సిమెంటేడిది? రాయికీ రాయికీ నడుమ సూడు, మొన్న మొన్న పూసిండ్రు. సక్కగ గూడ పూయలే."

సాయికుమారి ఫోను బోర్లించింది. ఆమెది రాజోలు వైపు. అక్కడ మనిషిని తిట్టినా మర్యాద మాత్రం తగ్గించరు.

"మీకు నీళ్ళు కావాలా, కొరియా గోడలు కావాలా అండి? ముందు మీరు కట్టే గోడ చూసుకోండి. నిన్నటికంటే వంకరగా ఉంది."

గోడ వంకరగా లేదు. అయినా భూమేష్ వెళ్ళి దారం కట్టి మళ్ళీ చూసుకున్నాడు.

రెండు రోజుల తర్వాత ఆ సీరియల్ ఆగిపోయింది. దాని పేరు 'పొగమంచు కోట'. విందులో రాజు ముందు పెట్టిన వంటలు పక్కదేశానివని, కిరీటం ఇంకెవరి వంశానిదో అని, అసలు మా రాజు అంత పిరికివాడు కాదని కొరియాలో జనం పిటిషన్ పెట్టారు. రెండు లక్షల సంతకాలు పడ్డాయి. ప్రకటనలిచ్చే కంపెనీలు తప్పుకున్నాయి. చరిత్రను తప్పుగా చూపినందుకు మన్నించమని టీవీ వాళ్ళు తల వంచి, ఇరవై ఎపిసోడ్ల కథను ఆరో ఎపిసోడ్ దగ్గర ఆపేశారు. రాజు గోడ మీదే ఉండిపోయాడు.

దోషి ఎవరో సాయికుమారికి వెంటనే తెలిసిపోయింది.

"నాలుక చూపించండి," అంది గోడ దగ్గరికి వచ్చి.

భూమేష్ తాపీ పక్కన పెట్టి నాలుక చాపాడు. ఆమె వంగి, ఎండకు చెయ్యి అడ్డం పెట్టి పరిశీలించింది.

"మచ్చ కనపడట్లేదు. లోపలెక్కడో ఉండుంటది. మీరిలా నోరు తెరిచేరు, నా సీరియల్ అలా ఆగిపోయింది."

"నేను గోడ ముచ్చటే అన్న. కిరీటం జోలికి పోలే."

నవ్వుతుందనుకున్నాడు. ఆమె కళ్ళు తుడుచుకుంది. ఆ ఇంట్లో ఎనిమిది మందికి వంట, ముగ్గురు పిల్లల బట్టలు, పైన పెద్దావిడ మందులు, అన్నీ ఆమె పనే. నాలుగింటికి ఇంటావిడ కాసేపు నడుం వాల్చినప్పుడు దొరికే గంట మాత్రం ఆమెది.

"ఆ గంటసేపు నేనెవరి పనిమనిషినీ కాదండి," అంది. "రాజు బతికేడో లేదో కూడా చెప్పకుండా ఆపేశారు."

భూమేష్‌కు జాలి వేసింది. కోపంలో చేసే తప్పుల గురించి పెద్దలు చాలా చెప్పారు గానీ, జాలిలో చేసే తప్పుల గురించి ఎవరూ హెచ్చరించలేదు.

గల్ఫ్ క్యాంపుల్లో ఏ వార్తకైనా ముందు ఒక మనిషి ఉండాలి. ఓవర్‌టైం ఇస్తారట, కఫీల్ డ్రైవరు, అంటే వీసా ఇచ్చిన యజమాని డ్రైవరు, చెప్పాడు. వీసా రూల్సు మారుతున్నాయట, ఆఫీసులో ఒకాయన చెప్పాడు. చెప్పినవాడు లేకుండా వార్త నిలబడదు. భూమేష్ ఆ అలవాటులోనే నోరు తెరిచాడు.

"మా సిత్రా సైటుల ఒక కొరియా ఇంజనీరున్నడు. ఆయన బామ్మర్ది గా టీవీ కంపెనీలనే చేస్తడు. మిగిలిన కథ ఆయనకెరుకే. అడిగి చెప్త తియ్."

సాయికుమారి మొహం చూసి, అబద్ధం చెప్పినందుకు అతనికి ఆ పూట బాధ కలగలేదు.

గోడ పని పదిరోజుల్లో అయిపోయింది. కథ అవలేదు. శుక్రవారం మూడు నుంచి ఐదు దాకా ఆమెకు సెలవు. భూమేష్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, రెండు బస్సులు మారి, విల్లా సందు చివర కోల్డ్ స్టోర్ దగ్గరికి వచ్చేవాడు. కోల్డ్ స్టోర్ అంటే మన కిరాణా కొట్టే. బయట రెండు ప్లాస్టిక్ కుర్చీలు ఉంటాయి. ఒక కుర్చీలో ఆమె, ఒక కుర్చీలో అతను, మధ్య ఖాళీ కూల్‌డ్రింకు పెట్టె మీద రెండు టీలు.

వారమంతా ఇటుకలు పేరుస్తూ కథ కట్టేవాడు. ఏడో ఎపిసోడ్‌లో రాజు గోడ దూకాడు. ఎనిమిదిలో మారువేషంలో కూలీల్లో కలిశాడు. తొమ్మిదిలో ఎండదెబ్బ తగిలి అంబలి తాగాడు.

"కొరియాలో అంబలేంటండీ?"

"వాళ్ళ భాషల ఏదో పేరుంది. నాకు నోరు తిరుగలే."

సాయికుమారి నోట్‌బుక్‌లో రాసుకుంది.

ఆమె రాసుకోవడానికి కారణం ఉంది. 'కె-డ్రామా అక్కచెల్లెళ్ళు' అనే వాట్సాప్ గ్రూపుకు ఆమే అడ్మిన్. కువైట్, మస్కట్, దోహా ఇళ్ళల్లో పనిచేసే మూడొందల పన్నెండు మంది తెలుగు ఆడవాళ్ళు అందులో ఉన్నారు. శుక్రవారం సాయంత్రం ఆమె కొత్త ఎపిసోడ్ వాయిస్ మెసేజ్‌లో పెట్టేది. లోకంలో ఎవరికీ దొరకని కథ తమకే దొరికిందని గ్రూపు గర్వపడింది. కువైట్‌లో ఒకామె వింటూ వింటూ కఫీల్ ఇంటి బిర్యానీ మాడ్చింది, బాధపడలేదు కూడా.

నాలుగో శుక్రవారానికి భూమేష్‌కు సంగతి తెలిసిపోయింది. తను సాయికుమారిని ప్రేమిస్తున్నాడు. కథ ముడిపడే చోట ఆమె కింది పెదవిని పంటితో పట్టుకుంటుంది, ఆ పెదవి వదిలేదాకా అతనికి టీ గొంతు దిగదు. ఫిబ్రవరిలో ఆమె కాంట్రాక్టు అయిపోతుంది. మళ్ళీ రానని చెబుతోంది. కాబట్టి ఇరవయ్యో ఎపిసోడ్‌లోపు తన మనసులో మాట చెప్పాలి. రాజు కథైతే ఎలాగోలా నడిపిస్తున్నాడు గానీ, ఈ మాట మాత్రం రావడం లేదు.

డిసెంబరులో పదిహేనో ఎపిసోడ్ వచ్చింది. రాజును వెతుక్కుంటూ మహారాణి పేదల వాడకు వెళ్తుంది. అక్కడ బతకడానికి బీడీలు చుడుతుంది. తునికాకు తడిపి, కత్తెరతో కోసి, పొగాకు పోసి చుట్టి దారం కడుతుంది. వేళ్ళ కొనలు పగులుతాయి. అన్నం కలుపుకుంటే మండుతాయి. అయినా రేపటి ఆకు ఈ రోజే తడిపి పెట్టుకుంటుంది.

సాయికుమారి టీ తాగడం మర్చిపోయింది. గ్రూపులో మూడొందల మంది ఏడ్చారు.

వీరలక్ష్మి ఏడవలేదు. ఆవిడ మస్కట్‌లో ఒక టీచరమ్మ ఇంట్లో పనిచేస్తుంది, తొమ్మిదేళ్ళుగా కొరియా సీరియళ్ళు చూస్తోంది, ఇంట్లో ఉన్న పుస్తకాలు కూడా తిరగేస్తుంది. ఆవిడ మెసేజ్ చిన్నదే.

"కొరియాకి పొగాకొచ్చింది ఆ రాజు పోయిన నూట యాభై ఏళ్ళకి. తునికాకు అక్కడ మొలవదు. మహారాణి చేత బీడీలు చుట్టించడం ఆ దేశ చరిత్రని అవమానించడం. సాయీ, ఆ ఇంజనీరెవరో చూపించు."

గంటలో గ్రూపులో పిటిషన్ తయారైంది. నూట నలభై మంది బొటనవేలు గుర్తు పెట్టారు. ఇరవై ఆరుగురు గ్రూపు వదిలిపోయారు. ఆ మహారాణి ఉందని మొన్నటిదాకా తెలియని ఒకామె తన మనోభావాలు దెబ్బతిన్నాయని ప్రకటించింది.

సాయికుమారి భూమేష్‌కు ఫోను చేసింది.

"శుక్రవారం ఆయన్ని తీసుకురండి. ఒక్క మాట చెప్పిస్తే చాలు. ఇక్కడ అందరూ నన్ను 'ఏయ్' అనే పిలుస్తారండి. ఆ గ్రూపులోనే నా మాటకి విలువుంది. మీ మాట నమ్మి నేను నా మాటగా చెప్పేను."

భూమేష్ రూమ్మేటు లింగన్న ఇరవై రెండేళ్ళుగా గల్ఫ్‌లో ఉన్నాడు. అతని దగ్గర అన్నింటికీ ఉపాయం ఉంటుంది.

"ఇంజనీరు వీసా అయిపోయి వాళ్ళ దేశం పోయిండని చెప్పు. ఖలాస్. గల్ఫ్‌ల ఎవడెప్పుడు పోయినా ఎవలడుగుతరు?"

మంచి ఉపాయమే. చెబితే సాయికుమారి నమ్ముతుంది. ఆమె నమ్ముతుందని తెలిసే భూమేష్‌కు మూడు రోజులు తిండి సయించలేదు.

శుక్రవారం వాన పడింది. బహ్రెయిన్‌లో వాన ఏడాదికి నాలుగైదు సార్లు పడుతుంది. పడ్డ ప్రతిసారీ రోడ్లు దాన్ని ఎప్పుడూ చూడనట్టే ప్రవర్తిస్తాయి. సగం దారిలో బస్సు నీళ్ళలో ఆగిపోయింది. భూమేష్ ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, బూట్లు చేత పట్టుకుని నడిచి వచ్చాడు. కోల్డ్ స్టోర్ రేకు కింద సాయికుమారి నిలబడి ఉంది. మూడు టీలు చెప్పి ఉంచింది.

"ఆయనేరండి?"

"లేడు."

"వానకి ఆగిపోయేరా?"

"అసలుకే లేడు. ఇంజనీరు లేడు, బామ్మర్ది లేడు. ఏడో ఎపిసోడ్ సంది అంత నేనే అల్లిన."

ఆమె మూడో టీ వద్దని కొట్టువాడికి చెప్పింది.

"మరి మహారాణి?"

"మా అమ్మ. బీడీలు చుట్టే మమ్ముల సాదింది. రాణి కష్టపడ్డదంటే నాకు గామెనే యాదికొచ్చింది."

"ఎందుకు చేసేరండి ఇలాగ?"

"ముందుగాల నువ్వు ఏడుస్తున్నవని. ఎనక కథ ఉంటెనే శుక్రవారం వస్తవని."

"మూడొందల మంది ముందు నన్ను అబద్ధాలకోరుని చేసేరు," అని సాయికుమారి ఫోను చేతికిచ్చింది. "ఇదే వాళ్ళకి చెప్పండి. ఒక్క ముక్క తగ్గించకండి."

భూమేష్ బటన్ నొక్కి పట్టుకున్నాడు.

"అందరికి నమస్తే. నేను భూమేష్‌ను, తాపీమేస్త్రీని. కొరియా ఇంజనీరు ఎవలు లేరు. కథంత నేనే అల్లిన. సాయికుమారికి తెల్వదు, ఆమె తప్పు లేదు. తిట్టేదుంటే నన్ను తిట్టుండ్రి. ఆమెను సూడనీకే అబద్ధమాడిన. ఆమె అంటే నాకు పాణం. గిదొక్కటి మాత్రం అల్లింది గాదు."

బటన్ వదిలాక, చివరి మాటలు ఆమెకు ఇంకా చెప్పనేలేదని గుర్తొచ్చింది. రెండొందల ఎనభై ఆరు మందికి ముందు చేరిపోయాయి.

"తగ్గించొద్దన్నాను గానీ, కలపమన్నానాండి?" అంది సాయికుమారి. ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

గ్రూపులో ముందుగా వీరలక్ష్మి గొంతు వచ్చింది.

"బీడీలు చుట్టే పద్ధతిలో తప్పేం లేదు తమ్ముడూ. దేశం తప్పు, కాలం తప్పు. మీ అమ్మగారి కష్టం మీ అమ్మగారి పేరు మీదే చెప్పాల్సింది." కాస్త ఆగి, "సాయీ, ఈ మాటైనా నిజమో కాదో తెలిసినోళ్ళని అడిగి కనుక్కో."

సాయికుమారి చెయ్యి చాపింది. "మీ అమ్మగారి నంబరివ్వండి."

"ఇప్పుడా?"

"ఇప్పుడేనండి."

వీడియోలో చంద్రవ్వ కనపడింది. గడపలో కూర్చుని ఉంది, ఒళ్ళో చాట, చాటలో ఆకు, పొగాకు.

"ఎవలు బిడ్డా?"

"బహ్రెయిన్ నుంచండి. మీరు బీడీలు చుడతారాండి?"

"చుడత. నీకు గావాల్నా?"

"వద్దండి. మీ అబ్బాయి వయసెంతండి?"

"ముప్పై ఒకటి నడుస్తుంది."

సాయికుమారి తల తిప్పింది. "నాకు ఇరవై తొమ్మిదన్నారు."

"నా మొఖం సూస్తె గంతనే అనిపిస్తదని," అన్నాడు భూమేష్ నేలచూపులు చూస్తూ.

"అబద్ధాలు ఎక్కువ చెబుతారాండి?"

చంద్రవ్వ ఆలోచించింది. "సన్నప్పటి సంది కథలు చెప్తడు బిడ్డా. మందిని ముంచెటోడైతే గాదు. నేను జరమొచ్చి పంటె, నవ్విచ్చి నవ్విచ్చి గంజి తాగిపిచ్చెటోడు. దుబాయి పోయి మూడేండ్లాయె." ఆవిడకు గల్ఫ్ మొత్తం దుబాయే. సాయికుమారి సరిదిద్దలేదు. "వాడు ఎప్పుడస్తడో నీకేమన్న చెప్పిండా?"

"ఫిబ్రవరిల," అన్నాడు భూమేష్ పక్కనుంచి. "లీవు పెట్టిన."

సాయికుమారి అతని వైపు చూసింది. చూపు తీయలేదు. తడిసిన చొక్కా, చేతిలో బూట్లు, మోకాళ్ళ దాకా బురద. అబద్ధం చెప్పి తప్పించుకోగలిగీ ఈ వానలో నడిచి వచ్చిన మనిషి.

"పెట్టలే," అన్నాడు భూమేష్. "రేపు పెడత."

ఆమె ఫోను వైపు తిరిగి, చున్నీ సరిచేసుకుంది.

"రేపు పెడతారంటండి. ఫిబ్రవరిలో ఇద్దరం వస్తాం, అత్తయ్యగారూ."

చంద్రవ్వ ఒళ్ళోంచి చాట తీసి పక్కన పెట్టింది. చేతులు చీరకొంగుకు తుడుచుకుని, ఫోను దగ్గరగా పట్టుకుంది.

"ఇంకోపారి అను బిడ్డా."

సాయికుమారి మళ్ళీ అంది.