గురిపెట్టి కోసిన చెట్టు

మిషన్ స్టార్టయింది!

షారోన్ చటుక్కున చెట్టు చాటుకి జరిగింది.

చీకటి పడ్డాక ఈ తోటలో రంపం మిషన్ మోగకూడదు. ఆ రూల్ పెట్టింది తనే. పేపరు కంపెనీ వాళ్ల జామాయిల్ తోట ఇది. ఇక్కడ చెట్లు కొట్టే నలభై మందికి మిషన్ ఎలా పట్టుకోవాలో నేర్పిన సేఫ్టీ సూపర్‌వైజర్ తను. ఆరు కొట్టేసరికి మిషన్లన్నీ షెడ్డులోకి పోవాల్సిందే.

ఇప్పుడు టైమ్ ఏడున్నర.

ఎవడు వాడు...?

ముప్పై అడుగుల దూరంలో ఒక ఆకారం. హెల్మెట్ మీద లైటు. ముఖానికి అడ్డంగా జాలీ. పోల్చుకోవడానికి ఏమీ లేదు.

వాడు అటూ ఇటూ చూడలేదు. సూటిగా ఒక మోడు దగ్గరికి వెళ్లి వంగాడు. ఇంజిన్ గొంతు పెంచింది. రంపపు పొట్టు లైటులో తెల్లగా ఎగిరిపడుతోంది.



అది బుల్లయ్య మోడు!

వాడు దాన్ని నేలమట్టంగా కోసేస్తున్నాడు!

రెండు నిమిషాల క్రితమే ఆమె ఆ మోడుకి ఫోటోలు తీసింది. పది రోజుల క్రితం ఆ చెట్టు కిందే బుల్లయ్య చచ్చిపోయాడు. చెట్లు కొట్టే ముఠాలో అందరికంటే పెద్దవాడు. తన చెట్టు తనే కోసుకుంటూ అజాగ్రత్తగా దాని కిందే పడ్డాడని అందరూ తేల్చేశారు. రేపు ఉదయం అదే మాట రిపోర్టులో రాసి షారోన్ సంతకం పెట్టాలి.

సంతకం పెట్టే ముందు ఒక్కసారి మోడు చూద్దామని వచ్చింది. బుల్లయ్య భార్య వెంకటరావమ్మ మధ్యాహ్నం ఆఫీసు గుమ్మంలో కూర్చుని ఒకే ఒక్క మాట అంది.

"మా ఆయన అజాగ్రత్త మనిషి కాదమ్మా."

కాదు. మోడు కూడా ఆ మాటే చెప్పింది.

చెట్టు ఎటు పడాలో అటు వైపు ముందుగా ఒక గాటు వేస్తారు. దాన్ని నోరు అంటారు. తర్వాత వెనక నుంచి కోసుకుంటూ వస్తారు. రెండింటి మధ్యా అంగుళం చెక్క కోయకుండా వదులుతారు. అదే కీలు. తలుపుని బందు తిప్పినట్టు, పడే చెట్టుని అది తిప్పుతుంది. మనిషి తప్పు చేశాడంటే కీలు ఒక పక్క తెగిపోతుంది, చెట్టు అడ్డదిడ్డంగా పడుతుంది.

ఈ మోడు మీద కీలు చెక్కుచెదరలేదు. ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకే మందం.

నోరు పడమటికి ఉంది. అన్నం తిని బుల్లయ్య రోజూ కునుకు తీసే చోటూ పడమటి వైపే.

ఇది జారిపడిన చెట్టు కాదు. గురిపెట్టి కోసిన చెట్టు!

ఇప్పుడు ఆ మోడు లేదు. పొట్టయిపోయింది. మిగిలింది ఆమె ఫోన్లో ఉన్న ఆరు ఫోటోలు.

షారోన్ ఒక అడుగు వెనక్కి వేసింది.

కరకర!

ఎండిన జామాయిల్ బెరడు. వాడు తలెత్తాడు.

ఇంజిన్ నెమ్మదించింది. టక్... అని చిన్న చప్పుడు. అడుగులు ఇటే వస్తున్నాయి.

ఆమె పరిగెత్తింది. ఒక వరస... రెండు వరసలు... మూడు... ఒక మానుకి వీపు ఆనించి ఊపిరి బిగబట్టింది. లైటు వరసల మధ్య ఊగుతూ వచ్చి ఆమె భుజాన్ని తాకి పోయింది.

భుజం తళుక్కుమంది.

జాకెట్! చీకట్లో మెరిసే పట్టీలున్న సేఫ్టీ జాకెట్! మనిషి అందరికీ కనపడాలనే కదా అది వేసుకునేది. జిప్పు లాగి దాన్ని విప్పేసింది. ఆకుల కింద తొక్కేసింది.

పక్క చేలో మిరపకాయలు ఆరబోశారు. గాలి అటు నుంచి తిరిగింది. ఘాటు గొంతులో దిగబడింది. దగ్గు తన్నుకొస్తోంది. చున్నీ నోట్లో కుక్కుకుంది. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి.

వాడు ఆగాడు. వింటున్నాడు.

టక్.

మళ్లీ నడిచాడు.

ఆగాడు. దారికి అడ్డంగా ఉన్న కొమ్మని మిషన్‌తో సర్రున కోశాడు.

టక్.

మళ్లీ నడిచాడు.

షారోన్‌కి భయం ఆగిపోయింది. దాని చోట ఇంకేదో దిగింది. భయం కంటే చెడ్డది.

ఆ చప్పుడు ఆమెకి తెలుసు. చైన్ బ్రేక్. మిషన్ నడుస్తుండగా అడుగు వేయాలంటే ముందు అది వేయాలి. కాలు జారి పడ్డా చైన్ తిరగదు, తొడ తెగదు. నలభై మందికీ నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పింది. ఇదెక్కడి చాదస్తం అని ముప్పైతొమ్మిది మంది నవ్వారు.

ఒక్కడికే అలవాటైంది. నిద్రలో లేపి మిషన్ చేతికిచ్చినా వాడు బ్రేక్ వేయకుండా అడుగు కదపడు. అందరి ముందూ నిలబెట్టి చప్పట్లు కొట్టించింది వాడికి.

మార్క్.

సొంత తమ్ముడు!

అమ్మ మిరప కోతలకి పోతే చంకనేసుకుని తిప్పింది వాణ్ని. కాదు... వాడు కాదు. ఈ పాటికి వాడు ఇంట్లో అన్నం తింటూ ఉంటాడు.

కాదని తేల్చుకోవడానికే ఫోన్ చేసింది.

రింగ్ వెళుతోంది.

ఇరవై అడుగుల అవతల, ఆ ఆకారం నడుము దగ్గర నీలం వెలుగు వెలిగింది.

"అక్కా..."

గుసగుస. వాడు ఇంజిన్ ఆపలేదు. ఎందుకు ఆపడం లేదో ఆమెకి తట్టలేదు.

"జాకెట్ మెరిసినప్పుడే అనుమానమొచ్చింది. తోటలో ఉన్నది నువ్వేనా?" అన్నాడు.

"బుల్లయ్య బాబాయి మీద పడ్డ చెట్టు ఎవరు కోశార్రా?"



"నువ్వు నేర్పినట్టే కోశానక్కా. రెండు చెట్ల పొడవు దూరంలో ఇంకెవరూ లేకుండా చూసుకునే కోశా."

అది ఆమె క్లాసులో మొదటి రోజు మాట. ఎవరికీ దెబ్బ తగలకూడదని నేర్పిన మాట.

వాడు గబగబా చెప్పుకుపోతున్నాడు. సాగర్ కాలువ కట్ట మీది టేకు చెట్లు రాత్రుళ్లు కోసేది తనేనట. జామాయిల్ లోడు అడుగున ఆ దుంగలు లారీలెక్కుతున్నాయట. బుల్లయ్య చూశాడట. పోలీసులకి చెబుతానన్నాడట. ఆ తర్వాత తన చేతుల్లో ఏమీ లేకుండా పోయిందట.

"ఎవరు చేయించారు?"

"ఇప్పుడు అడగొద్దు. ఫోటోలు తీశావా?"

ఆమె ఫోన్‌ని చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది.

"ఎవరికన్నా పంపావా? పంపొద్దు అక్కా. ఫోన్ అక్కడే పారేసి కాలువ వైపు పో. నీ కాళ్లు పట్టుకుంటా."

ఎంత తెలివి! మోడు పోయింది. ఫోన్ కూడా పోతే ఇక ఏం మిగులుతుంది? రేపు ఉదయం తను పెట్టే సంతకం. బుల్లయ్య అజాగ్రత్త వల్లే పోయాడన్న మాట. వెంకటరావమ్మ ఆ మాట మోసుకుంటూ బతకాలి.

తమ్ముడు. ఒక్కగానొక్క తమ్ముడు. జైలుకి పోతాడు.

ఏడుపు ముంచుకొచ్చింది. ఏడుస్తూనే, కాల్ కట్ చేయకుండా వాట్సాప్ తెరిచింది. కంపెనీ మేనేజర్ ప్రేమ్‌చంద్ సార్. కూలీలకి హెల్మెట్లు కావాలని పై వాళ్లతో పోట్లాడిన మనిషి. ఏ చిన్న ప్రమాదమైనా ముందు తనకే చెప్పమన్న మనిషి. ఈ తోటలో ఆమె నమ్మేది ఆయన్నొక్కణ్నే.

ఆరు ఫోటోలు. బుల్లయ్యది ప్రమాదం కాదు సార్, హత్య.

బొటనవేలు ఒక్క క్షణం ఆగింది.

నొక్కేసింది.

టింగ్!

షారోన్ కొయ్యబారిపోయింది.

చప్పుడు తన ఫోన్లోంచి రాలేదు. మార్క్ వైపు నుంచీ రాలేదు.

వెనక నుంచి వచ్చింది. పది అడుగులు కూడా లేదు.

మెల్లగా తల తిప్పింది. రెండు మానుల మధ్య ఒక స్క్రీన్ వెలుగుతోంది. ఆ వెలుగులో కళ్లద్దాలు. నెరిసిన మీసం. చంకలో మిరప చేలల్లో పందుల్ని కొట్టే నాటు తుపాకీ.

ప్రేమ్‌చంద్ ఫోటోలు ఒక్కొక్కటే జరిపి చూశాడు. తొందరేమీ లేదు ఆయనకి.

"పందేమో అనుకున్నా, షారోన్ గారూ. మీరా?" అన్నాడు మర్యాదగా. "ఇంకెవరికైనా పంపారా ఇవి?"

ఆమె తల అడ్డంగా ఊపింది. అబద్ధం ఆడాలని తట్టేలోపే ఊపేసింది.

"మంచి పని చేశారు."

ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. తుపాకీ చంకలోంచి చేతిలోకి వచ్చింది.

అప్పుడు అర్థమైంది ఆమెకి, చేయించింది ఎవరో. మార్క్ ఇంజిన్ ఆపనిది తన గుసగుస ఈ మనిషికి వినపడకూడదని. వరస వెంట వరస తరిమింది తనని తోట దాటించాలని. పంపొద్దని కాళ్లు పట్టుకున్నది...

వాడు హంతకుడే. ఈ రాత్రి ఆమె ప్రాణానికి ఉన్న ఒకే ఒక్క కాపలా కూడా వాడే.

చేతిలో ఫోన్ ఇంకా మాట్లాడుతోంది.

"అక్కా... వెళ్లిపోయావా? ఎవరికీ పంపలేదు కదా?"

షారోన్ జవాబు చెప్పడానికి నోరు తెరిచింది.

తుపాకీ పేలింది.