పట్టు మలుపులో రివర్స్ లేని బండి

పట్టు మలుపు పేరెత్తితే చాలు, మా షెడ్డులో పానాలు తిప్పే చేతులు ఆగిపోతాయి. అడవిదారిలో, మూతపడ్డ రాతి గని పక్కన ఉంటుందది. పొద్దుపోయాక అటు వెళ్తే ఏదో బండిని గట్టిగా పట్టుకుంటుందట... అప్పుడు వెనక్కి మాత్రం తిరిగి చూడకూడదట.

నేను మెకానిక్‌ని. నాకు దెయ్యాలంటే నమ్మకం లేదు, భయం మాత్రం ఉంది. ఇది జోరుగాడు స్వయంగా నాతో చెప్పింది. నేను కలిపింది ఏమైనా ఉంటే చిటికెడు.

జోరు మా యజమానికి బావమరిది. మా యజమాని జనాన్ని నాలుగు చక్రాల ఏటీవీల మీద అడవిలో తిప్పుతాడు. జోరేమో రేసుల్లో రెండుసార్లు కాలు విరగ్గొట్టుకుని, "నన్ను గైడుగా పెట్టుకో బావా" అని వచ్చాడు. వచ్చినవాడు ఊరుకోవచ్చుగా!

"ఈ దున్నపోతుల్లాంటి బండ్లేంటి బావా? నా స్పోర్ట్ ఏటీవీ లాంటివి కొను. తేలిక. గాల్లో లేస్తాయి."

"ట్రాకు మీద లేస్తాయిరా. అడవిలో రాళ్లుంటాయి. దాని పొట్ట కింద ఖాళీ ఏదీ?"

మాటా మాటా పెరిగింది. చివరికి బావ తేల్చేశాడు. "సాయంత్రం అడవిదారంతా చుట్టి రా. ఆ బండి మీదే తిరిగొస్తే అవే కొంటా, నువ్వే గైడువి. రాలేదా, నీ దారి నువ్వు చూసుకో."

జోరు దూసుకుపోయాడు. మెత్తటి నేల ఉన్నంతసేపూ రాజే. రాళ్లు మొదలయ్యాక నెమ్మదించక తప్పలేదు. క్లచ్ నొక్కీ నొక్కీ ఎడమచెయ్యి లాగేసింది. ఈలోగా చీకటి పడింది. పట్టు మలుపు వచ్చింది...

ధడ్!

బండి ఆగిపోయింది. యాక్సిలరేటర్ తిప్పాడు — ఇంజిన్ అరిచింది, వెనక చక్రాలు గిర్రున తిరిగాయి, బండి అంగుళం కదల్లేదు. కింద నుంచి ఎవరో పట్టుకున్నట్టే ఉంది. పాపం, వాడికి ముచ్చెమటలు పోశాయి. దిగి చూడకుండా హ్యాండిల్‌ని కరుచుకుని కూర్చున్నాడు. ఇంజిన్ కూడా ఆగిపోయింది.

అప్పుడు... వెనక నుంచి, గుసగుసగా —

"రివర్స్... వెయ్యి..."

జోరు తల తిప్పలేదు. "లే... లేదు తల్లీ. ఈ బండికి రివర్స్ లేదు."

"అడవికి... పనికొస్తుందా... ఇది?"

"రాదు తల్లీ! నీ కాళ్లు పట్టుకుంటా, వదిలెయ్!"

"ఒట్టు?"

"అమ్మతోడు!"

ఫక్కున నవ్వు. టార్చి వెలిగింది. పొట్ట పగిలేలా నవ్వుతూ వాళ్లక్క! ఆమె వెనక బావ, గని అడ్డదారిలో తెచ్చిన దున్నపోతు బండి మీద, చేతిలో తాడుతో. స్పోర్ట్ బండి మాత్రం ఒక బండరాయి మీద పొట్ట ఆనించుకుని హాయిగా కూర్చుంది.

జోరుకి ఏడుపొచ్చింది. "అయితే ఉద్యోగం లేనట్టేనా బావా?"

"తప్పు ఒప్పుకున్నావుగా, అదే పదివేలు. పొద్దున్నే రా. పెద్ద బండి నడుపుదువుగాని." బావ తాడు కడుతున్నాడు.

ప్రాణం లేచొచ్చింది జోరుకి. అప్పుడు తట్టింది అనుమానం. "నేను సరిగ్గా ఇక్కడే ఇరుక్కుంటానని ఎలా తెలుసు?"

బావ దగ్గాడు.

"ఎలా తెలుసేంటిరా," అంది అక్క. "పెళ్లికి ముందు మీ బావ ఇలాంటి బండే కొని, ఇదే రాయి మీద ఇరుక్కున్నారు. రాత్రంతా నడిచొచ్చి, బండిని దెయ్యం పట్టుకుందని ఊరంతా —"

బావ గబుక్కున ఇంజిన్ స్టార్ట్ చేశాడు.