యూనిట్లు మరిచిన మాస్టారు

"పారీక్ సార్, లారీ ముందుకు దూకితే మీదున్న పెట్టెని ఘర్షణ ఏ వైపు లాగుతుంది?"

"వెనక్కి" అనేశాడు విభోర్ పారీక్.

పక్క డౌట్ల కౌంటర్లో కూర్చున్న ఫిజిక్స్ మేడమ్ కృతికా హాడా ఫక్కున నవ్వింది. "మరి పెట్టె లారీతో పాటు ముందుకెలా పోతోంది సార్? మొహమాటానికా?"

డౌట్ అడిగిన కుర్రాడితో సహా వరసలో ఉన్నవాళ్ళంతా గొల్లుమన్నారు. కోటా కోచింగ్‌ సెంటర్లో విభోర్‌కి అది మొదటి రోజు. పరువు పోయింది. పరువుతో పాటు మనసూ పోయింది. ఫిజిక్స్‌లో యూనివర్సిటీ ఫస్టు వచ్చినవాడికి ఆ పిల్ల పక్కనుంటే మాత్రం రెండు రెళ్ళు ఎంతో తెలిసేది కాదు.

అక్కడ పిల్లలు డౌట్‌ని చీటీ మీద రాసిస్తారు, మాస్టార్లు వెనకవైపు జవాబు రాస్తారు. ఆరు నెలలుగా వీళ్ళిద్దరి మధ్యా చీటీలు నడుస్తూనే ఉన్నాయి. అన్నీ లెక్కలే.

ఆ శనివారం నాలుగింటికి కృతిక బాంబు పేల్చింది. "సీకర్ బ్రాంచికి రమ్మంటున్నారు. సాయంత్రంలోగా చెప్పాలట."

"వెళ్తారా?"

"ఆపేవాళ్ళెవరున్నారు సార్ మాకు?" అని ఓరగా చూసింది.

విభోర్ నోరు పెగల్లేదు గానీ పెన్ను పెగిలింది. చీటీ రాశాడు:

"ఒక మేడమ్ ఆరింటికి స్కూటీ మీద గుమాన్‌పురా వైపు బయలుదేరింది. వేగం సెకనుకు 5 మీటర్లు. ఒక సార్ రెండు నిమిషాల తర్వాత అదే దారిలో గంటకు 18 కిలోమీటర్ల వేగంతో వెంటపడ్డాడు. ఎక్కడ కలుస్తారు? కలిసినచోట సార్ ఒక మాట చెప్పాలి."

ఐదు నిమిషాల్లో చీటీ తిరిగొచ్చింది. వెనక ఒకటే ముక్క: "ఎప్పటికీ కలవరు."

అంతే, విభోర్ మొహం మాడిపోయింది. ఇంత మొహం మీద కొట్టినట్టు చెప్పాలా? చీటీ జేబులో కుక్కుకుని, ఆరు దాటాక చిరుజల్లులో ఈసురోమంటూ ఇంటిదారి పట్టాడు.

గుమాన్‌పురా కచోరీ కొట్టు ముందు ఆమె స్కూటీ స్టాండేసి ఉంది. పక్కనే కృతిక, చేతిలో రెండు కచోరీలతో.

"ఇంత లేటా సార్? చల్లారిపోతున్నాయి."

"కలవరని మీరే రాశారుగా!"

"మీరిచ్చిన లెక్కకి జవాబు అదే! గంటకు పద్దెనిమిది కిలోమీటర్లంటే సెకనుకు ఎన్ని మీటర్లు?"

విభోర్ మనసులో లెక్కేశాడు. సరిగ్గా ఐదు. ఇద్దరిదీ ఒకటే వేగం. యూనిట్లు మార్చకుండా అంకెలు పోల్చారని రోజూ పిల్లల్ని తిట్టేది ఇతనే! సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి.

"అలా పోతే జన్మంతా నా వెనకాలే తిరుగుతారు" అంది కృతిక. "ఎవరో ఒకరు ఆగాలిగా? నేనే ఆగాను. ఇంతకీ ఆ మాటేంటి?"

"మీరంటే నాకు ప్రాణం. సీకర్ వెళ్ళొద్దు." ఒక్క గుక్కలో చెప్పేశాడు.

"వెళ్ళనని మధ్యాహ్నమే చెప్పేశా."

"నా చీటీ రాకముందే? మరి ఇంతలా ఎందుకు ఏడిపించారు?"

"నువ్వు నోరు తెరుస్తావేమోనని" అంటూ కృతిక అతని నోట్లో కచోరీ ముక్క పెట్టేసింది.