నెలనెలా ఒక మంచం

డిటెక్టివ్ ఆఫీసు లోపలికొచ్చిన పెద్దావిడ కూర్చోలేదు. ముందు వీధి వైపు ఒకసారి చూసి, తలుపు గడియ పెట్టమంది. ఆవిడకి అద్దకం దుకాణం ఉంది. చేతులు మోచేతుల దాకా నీలంగా ఉన్నాయి.

"నాకు మతి పోతోందేమో చూసి చెప్పమ్మా. రేపు నన్ను తీసుకుపోతారు."

డిటెక్టివ్‌ని అందరూ సూదక్క అంటారు. ఆమె అసిస్టెంటు ఎక్కడికెళ్ళినా జేబులో ఫోన్ వైరు వేసుకుని తిరుగుతాడు, అతన్ని ఛార్జర్ అంటారు.

మతిమరుపు వాళ్ళని ఉంచే ఒక హోమ్‌కి ఆవిడ ఖాతాలోంచి నెలనెలా డబ్బు దానంతటదే వెళ్తోంది, ఆవిడ పేరున ఒక మంచం అట్టిపెట్టడానికి. తను ఒప్పుకున్నట్టు ఆవిడకి గుర్తే లేదు. బ్యాంకులో అడిగితే, మీ ఫోన్లోనే వేలిముద్ర వేసి అనుమతిచ్చారు, అది సంతకంతో సమానం, చట్టం ప్రకారం చెల్లుతుంది అన్నారట. మీరే మర్చిపోయారు వదినా, దుకాణం నేను చూసుకుంటాలెండి అని మరిది జాలిపడ్డాడట.

ఫోన్ ఎవరు కొనిచ్చారని సూదక్క అడిగింది. మరిదే కొని, అన్నీ సెట్ చేసి మరీ ఇచ్చాడు. తెరిచి చూపించమంటే ఆవిడ అంకెలు నొక్కింది. ఒక అంకె తప్పి రెండోసారికి గానీ తెరుచుకోలేదు. నిజంగానే ఆవిడకి మతి పోతోందేమోనని ఛార్జర్‌కి అనుమానం వచ్చింది. సూదక్క మాత్రం ఆవిడ వేళ్ళ చివర్లని వెలుతురులో తిప్పి తిప్పి చూసింది.

మర్నాడు పొద్దున్న రంగు తొట్ల మధ్య అందరూ చేరారు: మరిది, అతని భార్య, బ్యాంకు ఆఫీసరు. బయట హోమ్ వాళ్ళ బండి ఇంజన్ ఆపకుండా నిలబడి ఉంది.

సూదక్క చెప్పినట్టు పెద్దావిడ ఒక్కో వేలూ ఫోన్ మీద పెట్టింది. పదింటిలో ఒక్కదాన్నీ అది గుర్తుపట్టలేదు.

"ఏళ్ళ తరబడి అద్దకం సోడాలో నానిన వేళ్ళు. ముద్ర పడే గీతలు అరిగిపోయాయి," అంది సూదక్క. "ఆఫీసరుగారూ, ఎలక్ట్రానిక్ అనుమతి చెల్లుతుంది, కాదనను. కానీ చెల్లేది ఖాతాదారు ఇష్టపడి ఇస్తేనే. ఫోన్లో ఎక్కించిన వేళ్ళలో ఏదో ఒకటి పడిందనే మీకు తెలుసు. ఎవరిదో తెలీదు."

ఆఫీసరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"తొట్లో ఏనాడూ చెయ్యి పెట్టని మనిషికే ఈ సంగతి తట్టదు. మరిదిగారూ, మీ బొటనవేలు ఇలా ఇవ్వండి."

అతని చెయ్యి జేబులోకి పోయింది.

"పెట్టేస్తే పోతుంది కదండీ," అంది పాపం అతని భార్య, ఆ చెయ్యి బయటికి లాగి తనే ఫోన్ మీద ఆనిస్తూ.

ఫోన్ తెరుచుకుంది. ఆమె మొగుడి చేతిని వదిలేసి రెండడుగులు వెనక్కి వేసింది.

అనుమతి అక్కడికక్కడే రద్దు చేస్తానని, పోలీసులకి తనే చెబుతానని ఆఫీసరు అన్నాడు. బయట బండి హారన్ కొట్టింది. పెద్దావిడే గుమ్మం దాకా వెళ్ళి, ఇక్కడ తీసుకెళ్ళాల్సిన వాళ్ళెవరూ లేరు, వెళ్ళిపొమ్మని చెప్పి వచ్చింది.

వచ్చి మరిది ముందు నిలబడింది.

"ఆ మంచం పక్కన కిటికీ ఉందో లేదో, అదైనా కనుక్కున్నావురా?"