దించినవాళ్ళే ఎత్తాలి

మా అక్కుపల్లిలో చేపల గంపకొక కట్టుబాటు ఉంది. గుమ్మంలో గంప దించినవాళ్ళే బేరం అయ్యాక దాన్ని తిరిగి తలకెత్తాలి. ఎత్తకపోతే ఆ బరువు వాళ్ళని వదలదని మా అమ్మ బంగారమ్మ అనేది. నేను గంపతో ఇంటికొచ్చే వేళకి నా కూతురు నాగసుధ గడపెక్కి మునివేళ్ళ మీద లేచేది, తనే దించుతానని.

రెండువేల మూడులో ఎక్కడినుంచో వచ్చిన పాపారావు ఇక్కడ రొయ్యల చెరువులు తవ్వించాడు. మందుల కంపు కొట్టే ఆ చెరువుల నీళ్ళు తూములోంచి గెడ్డవాగులోకి, గెడ్డలోంచి సముద్రంలోకి పోయేవి. కొన్నాళ్ళకే వలలో పడ్డ చేపల ఒంటి మీద ఎర్రటి పుండ్లు కనిపించాయి. వేలు తగిలితే చాలు, పొలుసు ఊడొచ్చేది. పలాస బజారులో మా గంపలు చూసి జనం ముక్కు మూసుకున్నారు. అమ్మ వెళ్ళి పాపారావు కాళ్ళావేళ్ళా పడింది.

"సేపలు కుళ్ళిపోతన్నాయి బాబూ. ఆ తూము మూయించు."

"సముద్రానికి రోగమేంటే? ఉప్పే దానికి మందు," అని నవ్వాడు.

ఆ సాయంత్రమే అమ్మ తూములో దిగి ఇసుక బస్తాలు అడ్డం వేసింది. ఆమె లోపల ఉందని తెలిసీ వాడు తూము తలుపు ఎత్తించాడు. ఎత్తిన కాపలావాడే నాతో చెప్పి ఏడ్చాడు. శవాన్ని తీస్తే ఒంటి నిండా అవే పుండ్లు. వాడు పురుగులు పడి చావాలని రోజూ తిట్టుకున్నాను. ఇప్పటికీ అందుకు సిగ్గుపడను.

అమ్మ గంప నా తలకొచ్చింది. ఒకరోజు పొద్దు వాలాక పాపారావు కబురంపాడు, చుట్టాలొచ్చారు, మంచి చేపలు తెమ్మని. పూట గడవాలిగా, లోతు సముద్రంలో పడిన కవళ్ళ చేపలు తీసుకుని బయల్దేరాను. నాలుగడుగులు వేశానో లేదో గంప బరువెక్కింది. మెడ మీద నీళ్ళు కారుతున్నాయి... మందుల కంపు.

కరెంటు లేదు. పాపారావు లాంతరుతో గుమ్మంలోకొచ్చాడు.

"వణుకుతున్నావేంటే పార్వతీ? ఉండు."

మా కట్టుబాటు తెలియని మనిషి. తనే గంప దించాడు.

లాంతరు వెలుగులో ఒక చేప పొలుసు రాలింది. దాని కింద ఎర్రటి పుండు విచ్చుకుంది. పక్క చేపకీ... ఆ పక్కదానికీ. వాడు చేతులు తీయబోయాడు. రాలేదు.

నా వెనక తడి అడుగులు... ఆగాయి.

"దించినోడే ఎత్తాల, బాబూ."

అమ్మ గొంతు.

వాడు ఎత్తాడు. తన తల మీదికే. మెడ వంగిపోయింది. కాళ్ళు వాటంతటవే గెడ్డ వైపు నడిచాయి.

"పార్వతీ... దించవే... నీకు దండం పెడతాను..."

నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను.

పొద్దున్న తూము దగ్గర దొరికాడు, ఒంటి నిండా పుండ్లతో. గంప మాత్రం దొరకలేదు. అమ్మ పగ తీరిందని ఆ పూట కడుపునిండా అన్నం తిన్నాను.

ఇక చేపలమ్మడం మానేసి జీడిపిక్కల పనికి పోయాను. మొదటిరోజు సాయంత్రం ఒట్టి తలతో ఇంటికొచ్చాను. నాగసుధ గడపెక్కి, మునివేళ్ళ మీద లేచి, నా తలపైకి చేతులు చాచింది.

"ఇంత బరువేటే అమ్మా? ఉండు... నాను దించుతాను."

వద్దని అరిచాను. అప్పటికే దాని వేళ్ళు దేన్నో పట్టుకుని ఉన్నాయి.