ఇత్తడి డివైడర్

"బొమ్మ గీసినవాణ్ణి నిన్న చంపేశారు. రంగు ఇంకా ఆరలేదు," అన్నాడు చీఫ్, ఫోటోను బల్ల మీద ముందుకు తోస్తూ.

ఫోటోలో ఒక పెయింటింగ్. ముదురు ఆకుపచ్చ గుడ్డ మీద పాతకాలపు ఓడ సామాను: చిలుము పట్టిన టెలిస్కోప్, దిక్సూచి, ఇసుక గడియారం, అంచులు చిరిగిన సముద్ర పటం. పటం మీద కాళ్లు చాచిన ఇత్తడి డివైడర్. ఒక కాలు లైట్‌హౌస్ మీద, రెండోది ఉత్త నీళ్ల మీద.

ఆ రెండో కాలి కిందే, నీళ్లలో పేలే మైన్ ఉందని చీఫ్ వివరించాడు. విదేశీ ముఠా దాన్ని రేవు దారిలో ముంచింది. వేలం హాల్లో పెయింటింగ్ చూసి దూరం తెలుసుకున్న మనిషి, మధ్యాహ్నం మూడింటికి ప్యాసింజర్ ఓడ అక్కడికి రాగానే రిమోట్ నొక్కుతాడు. ఆఫీసు కొలిస్తే లైట్‌హౌస్ నుంచి తొమ్మిది మైళ్లు తేలింది. ముఠాలో మన తరఫున పనిచేస్తున్న హాలు యజమానురాలూ అదే చెప్పింది. ఓడ ఆ ఒక్క చోటు తప్పించి మళ్లీ దారిలో పడుతుంది. ఆపేస్తే ముఠా జారుకుంటుంది.

"నొక్కేవాణ్ణి పట్టుకో. అంతే నీ పని."

ఏజెంట్ పిచ్చుక తల ఊపింది. ఆ ఓడ ఇంజన్ రూములో ఆమె తమ్ముడున్నాడు. చీఫ్‌కి ఆ సంగతి తెలుసు.

రెండున్నరకు కొండ మీది వేలం హాల్లో ఆమె నేల తుడిచే మనిషి వేషంలో ఉంది. మెడలో పూసల మధ్య ట్రాన్స్‌మిటర్. కిటికీ దగ్గర బట్టతల పెద్దమనిషి చేతికర్రకు ఆనుకుని సముద్రాన్ని బైనాక్యులర్స్‌తో చూస్తున్నాడు. బొటనవేలు కర్ర పిడి మీంచి కదలడంలేదు.

హాలు యజమానురాలు మేడమ్, ముత్యాల దుద్దులు ఊగుతుండగా దగ్గరికొచ్చింది.

"ఫ్రేముకి చెద పట్టిందా?" కోడ్ వాక్యం.

"ఇంకా లేదండీ."

మేడమ్ నవ్వి అవతలికి వెళ్లింది. ఆ నవ్వులో తొందర లేదు. అదే పిచ్చుకకు నచ్చలేదు.

ఆమె దుమ్ము దులుపుతున్నట్టు పెయింటింగ్ ముందు నిలబడి, చేతిలోని తుడుపు గుడ్డలోంచి ఒక దారం లాగి డివైడర్ మొనల మధ్య పట్టింది. దాన్ని పటం కింది అంచున గీతల మీద పరిచింది. తొమ్మిది.

కిందటి సెలవుల్లో తమ్ముడు నేల మీద పటం పరిచి, ఆమె చెయ్యి పక్కకు నెట్టాడు. మైళ్లు ఎప్పుడూ పక్క అంచునే కొలవాలట, కింది గీతలు ఇరుకట. "కింద కొలిస్తే రాళ్లెక్కేస్తాం అక్కా."

దారాన్ని పక్క అంచున పెట్టింది. ఏడు.

కిటికీలోంచి చూసింది. ఓడ తొమ్మిదో మైలు దగ్గర వంపు తిరిగి, మళ్లీ తిన్నగా దారిలోకి వచ్చేసింది.

"సార్, ఏడు. ఓడ ఆపండి," అంది పూసల్లోకి.

"మేడమే స్వయంగా తొమ్మిదని చెప్పింది కదమ్మా."

"పుట్టినప్పట్నుంచీ ఓడలవాళ్ల మధ్యే ఉంది సార్. ఆవిడకి తెలియక చెప్పిందంటారా?"

పిచ్చుక జవాబు కోసం ఆగలేదు. పూసను తిప్పి ఓడ ఛానల్ పట్టుకుని, ఎదురుగా మైన్ ఉందని, ఇంజన్లు వెనక్కి తిప్పమని కెప్టెన్‌కి చెప్పింది. ఓడ వెనక నీళ్లు తెల్లగా పొంగాయి. అయినా ఓడ ముందుకే జారుతోంది.

"ఇంకొంచెం రానీ," మేడమ్ గొంతు కిటికీ దగ్గర మెల్లగా వినిపించింది. "ఇంకొంచెం... నేను అనగానే నొక్కు."

పిచ్చుక తుడుపుకర్ర విసురుగా తిప్పి బట్టతల పెద్దమనిషి మణికట్టు మీద కొట్టింది. చేతికర్ర నేలకు తగిలింది. పిడిలోని రిమోట్ మీట నొక్కుకుంది. దూరంగా ఓడ ముక్కుకు కాస్త ఇవతల, ఖాళీ సముద్రం తెల్లటి స్తంభంలా లేచింది. చప్పుడు అర నిమిషానికి గాని కొండ మీదికి రాలేదు. అప్పటికి కింద కాపున్న మనవాళ్లు మెట్లెక్కి వచ్చి ఇద్దరినీ పట్టుకున్నారు.

మేడమ్ చేతులు తనే ముందుకు చాపింది. "మీ ఆఫీసులో పటం చదివేవాళ్లు లేరనుకున్నాను."

"లేరండీ," అంది పిచ్చుక.

పూసల్లో గరగరమంది. కెప్టెన్ కాదు, తమ్ముడు.

"అక్కా, ఓడ ఆపమంది నువ్వేనా? ఇంకోసారి ముందు చెప్పవే, టీ కింద పెట్టుకుంటాను. ప్యాంటంతా కాలిపోయింది."