పచ్చమ్మ చేతులు

విజయనగరంలో ఆ పార్కుకి వెళ్లినవాళ్లెవరైనా ముందు పచ్చమ్మనే చూస్తారు. గేటు పక్కన రెండు చేతులూ జోడించి నిలబడ్డ ఆడమనిషి. మనిషంటే మనిషి కాదు, గుబురు మొక్క. తోటమాలి నూకయ్య ఆరేళ్లుగా కత్తిరించి కత్తిరించి తీర్చిన మొక్క. కొప్పు, చెవులు, మెడ, నడుం అన్నీ కుదిరాయి గానీ వేళ్లు మాత్రం కుదరలేదు. ఆకుల్లోంచి వేళ్లు తీయడం ఎవడి తరం? రెండు అరచేతులూ అట్లకాడల్లా మొండిగా ఉండేవి.

2017లో ఆయుధపూజ నాడు నూకయ్య పెళ్లాం అమ్మడు, ఆ పార్కులోనే ఊడ్చే మనిషి, పనిముట్ల గదిలో పీట వేసింది. రెండు చేతులతో పట్టే ఆ పెద్ద కత్తెరకి పసుపు రాసి బొట్టు పెట్టింది. మర్నాడు కోడిని కోసి నెత్తురు చూపించాకే దాన్ని పీట మీంచి తీయాలి. వాళ్లింట్లో అదే ఆనవాయితీ. కోడి గుమ్మానికి కట్టేసి ఉంది.

పొద్దు వాలుతుండగా సూపర్‌వైజర్ నారాయణమూర్తి ఫోను.

"రేపు పొద్దున్నే పెద్దాఫీసరు వస్తన్నాడు. ఆ పచ్చమ్మేటి, జుట్టు విరబోసుకున్నాది? ఇప్పుడే కత్తిరించు. నేదంటే రేపట్నించి పన్లోకి రాకు."

పొట్ట మీద కొడతానంటే ఎవడు మాత్రం ఏం చేస్తాడు? నూకయ్య పీట మీది కత్తెర మీద చెయ్యేశాడు.

"ఒద్దు మావా! బలి పడకుండా ఎత్తుతావేటి? ఆకలి మీదున్నాది అది."

"నోర్ముయ్యే. ఇనపముక్కకి ఆకలేటి? రా, ఫోను లైటు పట్టు."

వాకింగు జనం వెళ్లిపోయారు. చీకటి పడుతోంది. నూకయ్య పచ్చమ్మ కొప్పు మీద మొదటి కత్తెర వేశాడు. కచక్... ఆకు వాసన రాలేదు. మాంసం కొట్టు దగ్గరి పచ్చి వాసన గుప్పుమంది. గది గుమ్మం దగ్గర కోడి ఒకటే అరుపు. కాసేపటికి అదీ ఆగిపోయింది.

పచ్చమ్మ కుడి చెవి సర్దాడు. కచక్.

"అబ్బా!" అంది అమ్మడు.

"దోమేటి?"

లైటు పక్కకి తిరిగింది. వెనక్కి తిరిగి చూశాడు.

అమ్మడికి కుడి చెవి లేదు. కమ్మతో సహా రాలిన ఆకుల్లో పడి ఉంది. నెత్తురు మెడ మీంచి జాకెట్టులోకి కారుతోంది. అమ్మడు చెయ్యి ఆ చోటే తడుముకుంటోంది.

నూకయ్యకి పై ప్రాణాలు పైనే పోయాయి. కత్తెర పారేయబోయాడు. వేళ్లు విడలేదు. చేతులు తనవే... ఆడించేది తను కాదు.

కచక్... పచ్చమ్మ భుజం. అమ్మడి భుజం మీద చీరా చర్మం కలిసి చీలాయి. కచక్... చెంప. ఆమె కూలబడింది.

"సాలు మావా... ఆపు..."

"నా సేతుల్లో నేదే! పారిపో... ఎల్లిపోవే!"

ఎక్కడికి పోతుంది పాపం? మోచేతుల మీద రెండడుగులు పాకింది. కత్తెర మళ్లీ నోరు తెరిచింది. ఈసారి పచ్చమ్మ మెడకి. అమ్మడి గొంతు మీద సన్నగా ఎర్రగీత తేలింది...

నూకయ్య తన ఎడం చేతిని తనే కండ ఊడేలా కొరికాడు. పట్టు సడలింది. ఆ చేతిని తీసి కత్తెర నోట్లో పెట్టాడు. వదిలేసిన పిడి దానంతటదే మూసుకుంది. చెరుకు విరిచినట్టు చప్పుడు. రెండు వేళ్లు ఎగిరి పచ్చమ్మలో పడ్డాయి.

తొలిసారి నెత్తురు తగిలిన కత్తెర చేతిలోంచి జారిపోయింది.

అమ్మడు బతికింది. అది చాలు దేవుడా అనుకున్నాడు నూకయ్య. కత్తెర జారి ఇద్దరికీ తెగిందని ఆసుపత్రిలో చెప్పారు. నూకయ్య వేళ్లు మాత్రం ఎంత వెతికినా దొరకలేదు.

నాలుగో రోజు నారాయణమూర్తి ఫోను చేశాడు. "ఆఫీసరు మురిసిపోయాడొరే! పచ్చమ్మ సేతికి ఆ ఏళ్లు ఎలా తీశావురా?"

"ఏ ఏళ్లు బాబూ?"

మొగుడూ పెళ్లాం ఇద్దరూ పట్టపగలే వెళ్లి చూశారు. పచ్చమ్మ ఎడమ అరచేతికి రెండు వేళ్లు మొలిచాయి. కణుపులతో, గోళ్లతో. మిగతా వేళ్లు ఉండాల్సిన చోట మొగ్గలు ఉబ్బి ఉన్నాయి. అమ్మడు ఆ మొగ్గల్ని లెక్కపెట్టింది. ఎడం చేతికి మూడు. కుడి చేతికి అయిదు. ఏడుస్తూ మొగుడి రెండు చేతులూ లాక్కుని తన పమిటలో దాచేసింది.

పచ్చమ్మ పాదులో కత్తెర నిలబెట్టి ఉంది. దానికెవరో కొత్తగా బొట్టు పెట్టారు. ఇంకా తడి ఆరలేదు.